మందు కత్తికి ముందా, తర్వాతా?

(విజయవాడలో చర్మ క్యాన్సర్ మీద ఏర్పాటు చేసిన ఒక సాయంకాలపు సభలో ఒక క్యాన్సర్ సర్జన్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నుంచున్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, ఫర్వాలేదు. మెడికల్ స్టూడెంట్లు కూడా రండి, నేనేమీ ప్రశ్నలు వెయ్యను.

నేను సర్జన్‌ని. కొయ్యడం నా పని. అలాంటివాణ్ణి పిలిచి మైకు ఇస్తే ఏం చెప్తాడు? ‘గడ్డ కనపడగానే తొందరగా కోయించుకోండి’ అంటాడని మీరు అనుకుంటారు. ఇన్నేళ్ళూ అదే చెప్పాం కూడా. ఇవాళ మాత్రం వేరే మాట చెప్పడానికి వచ్చాను. కొన్ని చర్మ క్యాన్సర్లలో కత్తి ఆరు వారాలో, తొమ్మిది వారాలో ఆగాలి. ముందు మందు వెళ్ళాలి, తర్వాత కత్తి. అన్నిటిలో కాదు, కొన్నిటిలో. ఆ ‘కొన్ని’ ఏవో, ఆ సంగతి ఎలా తేలిందో చెప్తాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. చర్మ క్యాన్సర్ అంటే ఎండకి వచ్చేది అని ఎక్కడో చదివి ఉంటారు. తెల్లవాళ్ళకి అది నిజం. ఎండే కారణమైతే బెజవాడలో ఇంటికొకరు ఉండాలి కదా! మన చర్మంలో ఉన్న రంగు మనల్ని చాలావరకు కాపాడుతుంది. అందుకే మనకి మెలనోమా అనేది, చర్మ క్యాన్సర్లలో అన్నిటికన్నా ప్రమాదమైనది, అరుదు. అరుదు అంటే రాదని కాదు. వచ్చినప్పుడు ఎక్కడ వస్తుంది? ఎండ తగలని చోట. అరికాల్లో, అరచేతిలో, గోరు కింద. పాటగాడు బాబ్ మార్లీ పేరు కుర్రాళ్ళు వినే ఉంటారు. ఆయనకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. 1981లో, 36 ఏళ్ళకే పోయాడు.

మన దగ్గర అరికాల్లో నల్లగా ఏదైనా లేస్తే ఏమంటారు? ఆనెకాయ అంటారు. అంతేనా? జీడి పెడతారు, బ్లేడుతో చెక్కుతారు, మందుల షాపులో ప్లాస్టరు కొని అంటిస్తారు. ఈలోగా గజ్జల్లో బిళ్ళ కడుతుంది. బిళ్ళ కట్టాక ఆస్పత్రులుండే మన సూర్యారావుపేట వస్తారు. నేను చెప్పబోయే కథంతా సరిగ్గా ఈ దశ గురించే. జబ్బు చర్మం దాటి లింఫ్ గ్రంథికి చేరింది, కానీ ఊపిరితిత్తులకో లివర్‌కో ఇంకా పోలేదు. ఆపరేషన్ చేసి తియ్యొచ్చు. మూడో దశ అంటాం.

మెలనోమా కాకుండా రెండో రకం ఉంది, స్క్వామస్ సెల్ కార్సినోమా. పేరు పెద్దది, వదిలెయ్యండి, పొలుసుల క్యాన్సర్ అనుకుందాం. ఎప్పుడో కాలిన మచ్చ మీద పుండు పడి నెలల తరబడి మానకపోవడం, ఏళ్ళ తరబడి పంచె గానీ లంగా బొందు గానీ బిగించి కట్టిన చోట నడుము మీద పుండు పడటం, ఇలా మొదలైనవి మన దేశంలో డాక్టర్లు చూసి, రాసి పెట్టారు. కాబట్టి మానని పుండుకి ముక్క పరీక్ష చేయించండి. ‘కత్తి తగిలితే క్యాన్సర్ రెచ్చిపోతుంది డాక్టరుగారూ’ అని ఇప్పటికీ అంటూనే ఉన్నారు. రెచ్చిపోదు. ముక్క తియ్యకుండా అది ఏమిటో తెలిసే దారి లేదు.

సరే, గజ్జల్లో బిళ్ళతో మెలనోమా వచ్చింది. బిళ్ళలన్నీ శుభ్రంగా తీసేశాం. కుట్లు మానాయి. ఇంటికి పంపాం. అయిపోయిందా? అక్కడే తంటా. కంటికీ స్కానింగ్‌కీ కనపడని కణాలు అప్పటికే రక్తంలో ఎక్కడో ఉంటాయి. ఏడాదికో రెండేళ్ళకో జబ్బు తిరగబెడుతుంది. సర్జన్‌కి ఇంతకన్నా కోపం తెప్పించేది ఇంకోటి లేదు. పని బాగా చేశాం, అయినా తిరగబెట్టింది.

తిరగబెట్టకుండా ఆపరేషన్ తర్వాత మందు ఇవ్వాలనే ఆలోచన పాతదే. 1990లలో ఇంటర్‌ఫెరాన్ ఏడాది పాటు ఇచ్చేవాళ్ళు. జ్వరం, నీరసం, దిగులు. ఫలితం చూస్తే అంతంత మాత్రం. అసలు మార్పు వచ్చింది 2011 తర్వాత. జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో అనే ఇద్దరికి 2018లో నోబెల్ ఇచ్చింది ఈ పనికే. వాళ్ళు ఏం కనిపెట్టారో రెండు మాటల్లో చెప్తాను, భయపడకండి.

మన రక్తంలో టీ కణాలని ఉంటాయి. తేడాగా కనిపించిన కణాన్ని పట్టుకుని చంపుతాయి. అవి మరీ చెలరేగి మన ఒంటినే పాడుచెయ్యకుండా వాటి మీద పీడీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని ఎవరైనా తాకితే టీ కణం చల్లబడుతుంది. క్యాన్సర్ కణం ఈ కిటుకు పట్టేసింది. దాన్ని తాకి టీ కణాన్ని చల్లబరిచి తప్పించుకుంటుంది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే మందులు వెళ్ళి ఆ పీడీ-1ని కప్పేస్తాయి. ఇక క్యాన్సర్ కణం దాన్ని తాకలేదు. ఇది కీమో కాదండీ. కీమో తానే వెళ్ళి చంపుతుంది. ఇది చంపదు, చంపేవాళ్ళని ఆపకుండా చూస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుకి వెళ్ళేకొద్దీ ఇదే ముఖ్యం.

ఆపరేషన్ తర్వాత పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూశారు. మూడో దశ మెలనోమా ఉన్న 1019 మందిలో సగం మందికి మందు, సగం మందికి డమ్మీ, అంటే మందు లేని ఉత్త ఇంజెక్షన్. 2018లో ఫలితం వచ్చింది. ఏడాది గడిచేసరికి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు మందు ఇచ్చినవాళ్ళలో 75 శాతం, డమ్మీవాళ్ళలో 61 శాతం. బాగుంది కదా? బాగుంది. అప్పటి నుంచి అదే పద్ధతి. ముందు కత్తి, తర్వాత మందు.

ఇక్కడ కొందరికి ఒక అనుమానం వచ్చింది. టీ కణాలు దేన్ని చూసి నేర్చుకుంటాయి? కణితిని చూసి. మరి కణితినీ బిళ్ళల్నీ మనం తీసి బకెట్లో పడేశాక మందు ఇస్తే అవి దేన్ని చూస్తాయి? దొంగ వాడిన గుడ్డలన్నీ తగలబెట్టేసి, అప్పుడు పోలీసు కుక్కని తెప్పించినట్టు! వాసన చూడ్డానికి ఏం మిగిలింది? కణితి ఒంట్లో ఉండగానే మందు ఇస్తే, దాని రకరకాల గుర్తుల్ని చూసి రకరకాల టీ కణాలు పుట్టుకొస్తాయి. అవి ఒళ్ళంతా తిరిగి, మనకి కనపడని ఆ నాలుగు కణాల్నీ వెతుక్కుంటాయి. ఆలోచన బాగుంది. కానీ ఆలోచన బాగున్నంత మాత్రాన నిజం అయిపోతుందా? పరీక్షించాలి.

అమెరికాలో ఎస్1801 అనే పరీక్ష పెట్టారు. ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష, కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. 313 మంది. అందరికీ ఒకే మందు, పెంబ్రోలిజుమాబ్. అందరికీ ఒకే మోతాదు, మూడు వారాలకొకటి చొప్పున మొత్తం 18 డోసులు. అందరికీ ఆపరేషన్. మరి తేడా ఏమిటి? ఒక గుంపుకి ముందు ఆపరేషన్, తర్వాత 18 డోసులు. రెండో గుంపుకి ముందు మూడు డోసులు, తర్వాత ఆపరేషన్, తర్వాత మిగిలిన 15. అంతే! కొత్త మందు లేదు, ఎక్కువ మందు లేదు. మూడు డోసుల్ని వెనక నుంచి ముందుకి జరిపారు.

రెండేళ్ళకి చూస్తే ఏమైంది? జబ్బు బెడద లేకుండా ఉన్నవాళ్ళు ఆపరేషన్ ముందు చేసిన గుంపులో 49 శాతం, మందు ముందు ఇచ్చిన గుంపులో 72 శాతం. ఈ ఫలితం 2023లో అచ్చయింది. మళ్ళీ చెప్తున్నాను, అదే మందు, అదే లెక్క.

ముందు వరసలో ఆ పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నారు. మీ మనసులో ఏముందో నాకు తెలుసు మాస్టారూ. ‘ఆ తొమ్మిది వారాలూ లోపల క్యాన్సర్ పెట్టుకుని నిద్రెలా పడుతుందండీ? ఈలోగా పెరిగిపోయి ఆపరేషన్‌కి లొంగకపోతే?’ అంతేనా? ఇదే ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. మందు ముందు ఇస్తానంటే కొడుకు, కోడలు, బావమరిది అందరూ ఒకేసారి లేస్తారు, ‘ముందు తీసెయ్యండి సార్’ అని. న్యాయమైన భయమే. అందుకే ఆ పరీక్షలో లెక్క ఎలా వేశారో చూడండి. తిరగబెట్టినవాళ్ళనే కాదు, మందు ఇస్తుండగా జబ్బు పెరిగి ఆపరేషన్ చెయ్యలేకపోయినవాళ్ళని కూడా నష్టం కిందే రాశారు. ఆ నష్టాన్ని కూడా కలుపుకున్నాకే 72 వచ్చింది. మీ భయాన్ని వాళ్ళు లెక్కలోంచి తీసెయ్యలేదు, లెక్కలోనే వేశారు.

ఇప్పుడు నెదర్లాండ్స్‌కి వెళ్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బృందం రెండు మందులు కలిపి ఇచ్చింది, నివోలుమాబ్‌తో పాటు, టీ కణాలకి ఉండే ఇంకో కళ్ళాన్ని విప్పే ఇపిలిముమాబ్. మొదటి పరీక్షలో 20 మందే. పది మందికి మందు ఆపరేషన్‌కి ముందే మొదలుపెట్టారు, పది మందికి తర్వాత. ముందు ఇచ్చినవాళ్ళ రక్తంలో, కణితిని గుర్తుపట్టే టీ కణాల రకాలు ఎక్కువ పెరిగాయి. మన పోలీసు కుక్క సంగతి నిజమేనన్నమాట. కానీ ఇంకో సంగతి కూడా బయటపడింది. పదిమందిలో తొమ్మిదిమందికి తీవ్రమైన దుష్ఫలితాలు. రెండు గుంపుల్లోనూ అంతే, పదికి తొమ్మిది.

వేరే ఎవరైనా అయితే ఏం చేసేవాళ్ళు? మందు బాగా పనిచేస్తోంది కదా, ఇబ్బంది ఓర్చుకోండి అనేవాళ్ళు. లేదా మొత్తం మూటకట్టి అటక మీద పెట్టేవాళ్ళు. వీళ్ళు రెండూ చెయ్యలేదు. ఇంకో పరీక్ష పెట్టారు, 86 మందితో. ఈసారి ప్రశ్న ‘మందు పనిచేస్తుందా’ అని కాదు, ‘ఎంత తగ్గిస్తే తట్టుకోగలరు, పని మాత్రం తగ్గకుండా?’ అని. మూడు రకాల మోతాదులు పోల్చారు. ఇపిలిముమాబ్ తగ్గించి, నివోలుమాబ్ పెంచి ఇచ్చిన పద్ధతిలో తీవ్రమైన ఇబ్బందులు 20 శాతానికి దిగాయి. జబ్బు మెత్తబడటం మాత్రం 77 శాతం మందిలో కనిపించింది. తొంభై ఎక్కడ, ఇరవై ఎక్కడ! స్టూడెంట్లకి చెప్తున్నాను, ఓపిక అంటే ఇది. పేపర్లలో హెడ్‌లైన్ రాని పరీక్ష ఇది. నా దృష్టిలో ఇదే అసలైనది.

ఆ మోతాదుతోనే నాడినా అనే పెద్ద పరీక్ష చేశారు. 423 మంది. ఆపరేషన్ ముందు రెండే రెండు డోసులు, మూడు వారాల ఎడంతో. తర్వాత బిళ్ళలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. బతికున్న క్యాన్సర్ కణాలు పది శాతం గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే, ఇక మందు అక్కర్లేదు, ఇంటికి వెళ్ళొచ్చు! అలాంటివాళ్ళు ఎంతమంది తేలారంటే 59 శాతం. సగానికి పైగా రెండు డోసులతో సరి. 2024లో ఫలితం వచ్చింది. ఏడాదికి, ఆపరేషన్ ముందు చేసినవాళ్ళలో 57 శాతం బాగుంటే, మందు ముందు ఇచ్చినవాళ్ళలో 84 శాతం దాకా బాగున్నారు. ముందు మందు ఇవ్వడంలో ఇది ఇంకో లాభం చూశారా? తీసిన గడ్డే చెప్తుంది, మందు ఈ మనిషికి పనిచేసిందా లేదా అని. తర్వాత ఇచ్చే మందు విషయంలో అది తెలుసుకోలేం. ఏడాది పాటు ఎక్కిస్తాం, పనిచేసిందో లేదో తిరగబెడితే గానీ తెలియదు.

పొలుసుల క్యాన్సర్ సంగతి క్లుప్తంగా. సెమిప్లిమాబ్ అనే మందు ఆపరేషన్ ముందు 79 మందికి ఇస్తే, 40 మందికి తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటి కూడా దొరకలేదు. ముఖం మీద, చెవి మీద, కంటి పక్కన ఉన్న గడ్డలకి దీని విలువ ఎంతో ఆలోచించండి. అదే మందుని ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి ఇచ్చిన పరీక్షలో రెండేళ్ళకి 87 శాతం బాగున్నారు, డమ్మీవాళ్ళలో 64. ఇది 2025 మాట. కానీ అదే జాతి మందు, అదే జబ్బు, పెంబ్రోలిజుమాబ్‌తో పెట్టిన పరీక్షని 2024లో మధ్యలోనే ఆపేశారు, లాభం కనపడటం లేదని. అన్నదమ్ముల్లాంటి మందులే. ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది. ‘దాదాపు అదే మందు కదా, పరీక్ష ఎందుకు’ అనేవాళ్ళకి ఇదే జవాబు.

దుష్ఫలితాలు చెప్పకుండా వెళ్తే అది అమ్మకం అవుతుంది, ప్రసంగం కాదు. టీ కణాల్ని ఆపేవాడు లేకపోతే అవి మన ఒంటి మీదకి కూడా వస్తాయి. థైరాయిడ్ పోవచ్చు. అప్పుడు జీవితాంతం రోజూ మాత్ర. పేగు వాచి విరేచనాలు, లివర్ వాపు, ఊపిరితిత్తుల్లో వాపు. కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథి దెబ్బతింటే నీరసం, బీపీ పడిపోవడం. మందు మానేసిన నెలల తర్వాత కూడా రావచ్చు. ఇమ్యునోథెరపీ, అంటే ఈ జాతి మందులు, తీసుకున్న మనిషికి విరేచనాలు పట్టుకుంటే వీధి చివర షాపులో మాత్రలు కొని మింగి ఊరుకోకూడదు. మందు ఇచ్చిన డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి, అదే రోజు. కీమో కాదు కాబట్టి జుట్టు ఊడదు, నిజమే. దాంతో మనవాళ్ళు ఇది తేలిక మందు అనుకుంటారు. తేలిక మందు కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నేను చెప్పిన మెలనోమా పరీక్షల్లో ఎక్కువమంది తెల్లవాళ్ళు, ఎండ వల్ల వచ్చిన మెలనోమా. ఎండ దెబ్బ తిన్న కణంలో జన్యు మార్పులు బోలెడు ఉంటాయి, టీ కణాలు సులువుగా గుర్తుపడతాయి. మన అరికాలి మెలనోమాలో ఆ మార్పులు తక్కువ. అందుకని ఈ మందులకి లొంగడం కూడా తక్కువే. అక్కడి 72ని, 84ని తెచ్చి ఇక్కడ బోర్డు మీద రాసేసుకోకూడదు. ఇదే మందు ముందా తర్వాతా అన్న ప్రశ్న మన అరికాళ్ళ మీద మనం పరీక్షించుకోవాలి. ఎవరో వచ్చి చెయ్యరు.

పరీక్ష అనగానే హాల్లో చిన్న కదలిక వచ్చింది. ‘మా మీద ప్రయోగాలా’ అని. ఆ అనుమానం మనకి ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో, అప్పుడది మన రాష్ట్రమే, దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. 2010లో ఆపేశారు. మధ్యలో జరిగిన మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, టీకా మంచిదే. కానీ అడగకుండా చేశారు చూడండి, ఆ తప్పుని 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. తర్వాత నిబంధనలు బిగిశాయి. 2019 నిబంధనల ప్రకారం పరీక్ష వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చెయ్యాలి, నష్టపరిహారం ఇవ్వాలి. దేశంలో జరిగే ప్రతి పరీక్షా సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో నమోదు కావాలి, 2009 నుంచి తప్పనిసరి. ఫోన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మీకు చెప్పిన పరీక్ష అందులో లేదా? లేచి వచ్చెయ్యండి.

ఖర్చు గురించి ఎవరో చీటీ పంపారు. నిజం చెప్పాలంటే ఈ మందులు మనలో నూటికి తొంభై మందికి పైగా అందవు. అయితే ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు ఏం చేశారో చూడండి. తల, మెడ క్యాన్సర్ ముదిరినవాళ్ళకి నివోలుమాబ్ మామూలుగా రెండు వారాలకి 240 మిల్లీగ్రాములు ఇస్తారు. వీళ్ళు రోగులు వాడుతున్న మాత్రలకి తోడుగా మూడు వారాలకి 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చారు. పదో వంతు కూడా కాదు! 151 మందితో పరీక్ష. ఏడాదికి బతికున్నవాళ్ళు ఆ చిన్న డోసు లేకుండా 16 శాతం, ఉంటే 43 శాతం. 2022లో అచ్చయింది. అది నయం కాని దశ, చర్మ క్యాన్సర్ కూడా కాదు, కాబట్టి ఇక్కడికి తెచ్చి అతికించను. కానీ ‘తక్కువ డోసు చాలదా’ అన్న ప్రశ్న డబ్బున్న దేశానికి తట్టదు. మందు అమ్మే కంపెనీకి అసలే తట్టదు. మనకే తట్టాలి.

పొగాకు పండించే గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, ఉత్తరాంధ్ర అడ్డపొగ, అదే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చడం, చూసినవాళ్ళు ఉన్నారు. మీకు ఇంకో మాట. ‘ముందు మందు’ పద్ధతి ఇప్పుడు నోటి, గొంతు క్యాన్సర్లకి కూడా వచ్చింది. 714 మందితో చేసిన పరీక్షలో పెంబ్రోలిజుమాబ్ ఆపరేషన్ ముందు రెండు డోసులు, తర్వాత మిగతావి. మూడేళ్ళకి 58 శాతం బాగున్నారు, పాత పద్ధతిలో 46. చర్మం దగ్గర మొదలైన ఆలోచన మన అసలు జబ్బు దాకా వచ్చింది.

ప్రశ్నలు. ఆ అమ్మాయి, చెప్పమ్మా.

ట్రయల్‌లో చేరి మధ్యలో మానెయ్యొచ్చా అని అడుగుతోంది. మానెయ్యొచ్చు. ఏ రోజైనా, కారణం చెప్పకుండా. మానేశారని మామూలు వైద్యం ఆపకూడదు. సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు దాని మీద ఉండాలి. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటామంటే కుదరదన్నారంటే, ఆ చోటు మంచిది కాదు.

ఇంకొకరు. మా అన్నయ్యకి అరికాల్లో మెలనోమా అన్నారు, వచ్చే సోమవారం ఆపరేషన్ డేట్ ఇచ్చేశారు, ఇప్పుడేం చెయ్యాలి అంటున్నారు.

బాబూ, కంగారుపడకు. ముందు రిపోర్టులో మందం ఎన్ని మిల్లీమీటర్లో చూడు. పలచగా ఉండి, గజ్జల్లో బిళ్ళ లేకపోతే సోమవారం వెళ్ళి కోయించండి, ఈ కథంతా మీకు అక్కర్లేదు. బిళ్ళ చేతికి తగులుతుంటే, లేదా స్కాన్‌లో కనపడితే, సోమవారం లోపు మెడికల్ ఆంకాలజిస్టుని, అంటే క్యాన్సర్‌కి మందులిచ్చే డాక్టర్‌ని, కలవండి. సర్జన్‌తోనే అనండి, ‘సార్, మందు ముందు ఇచ్చే అవకాశం ఉందేమో ఒకసారి ఇద్దరూ మాట్లాడుకుంటారా’ అని. మంచి సర్జన్ అయితే కోపం తెచ్చుకోడు. ఈ మాట ఆపరేషన్ అయ్యాక అడిగితే లాభం లేదు, తీసిన బిళ్ళల్ని మళ్ళీ లోపల పెట్టలేం. డేట్ ఒక వారం జరిగినా ఫర్వాలేదు. వెళ్ళేటప్పుడు ముక్క పరీక్ష (బయాప్సీ) స్లైడ్లూ, ఆ ముక్కని పొదిగి ఉంచిన మైనం బ్లాకులూ ల్యాబ్‌లో అడిగి తీసుకెళ్ళండి. రెండో డాక్టర్ మొట్టమొదట అడిగేవి అవే.